ఓవెన్‌లో పెట్టిన పండ్ల ముక్కలు పైన మాడి, లోపల మెత్తగా ఎందుకు ఉంటున్నాయి?

మీరు అడిగింది ఇదీ: ఆపిల్, అరటిపండు ముక్కలు కోసి, ఆరబెట్టి దాచుకుందామని 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఓవెన్‌లో పెట్టారు. అంచులు ముదురు రంగుకు తిరిగాయి, మధ్యలో మాత్రం మెత్తగానే ఉన్నాయి. సరేలే అని సీసాలో పోస్తే వారం తిరక్కుండానే తెల్లగా బూజు పట్టింది. పిల్లలకు కొనిచ్చే ఎండు పండ్ల ప్యాకెట్లు మాన్పించి ఇంట్లోనే చేసిపెట్టాలని మీ ఆలోచన. దీనికి డీహైడ్రేటర్, అంటే పండ్లు ఆరబెట్టే యంత్రం, కొనక తప్పదా అన్నది ప్రశ్న.

కొననక్కర్లేదండీ. మీ ఓవెన్‌తోనే చక్కగా చేసుకోవచ్చు. వేడి 60 నుంచి 70 డిగ్రీలకు తగ్గించండి. తలుపు కొంచెం తెరిచి ఉంచండి. ముక్కలన్నీ ఒకే మందంలో కోయండి. గడియారాన్ని నమ్మకుండా ముక్కను తాకి చూసి తీయండి. ఐదారు మిల్లీమీటర్ల ఆపిల్ ముక్కలకు ఫ్యాన్ ఉన్న ఓవెన్‌లో 6 నుంచి 10 గంటలు పడుతుంది, ఫ్యాన్ లేకపోతే ఇంకా ఎక్కువ. రెండు గంటల్లో అయ్యే పని కాదు. అంత ఓపిక లేదనుకుంటే ఇంకో దారి ఉంది, అది కింద చెప్తాను.

ముందు మీ ముక్కలకు ఏమైందో చూద్దాం. ఆపిల్‌లో దాదాపు 85 శాతం నీరే. కిలో ముక్కల్లో పండు పదార్థం 150 గ్రాములు మాత్రమే, మిగతాదంతా నీళ్లు. బాగా ఆరిన ముక్కలో కూడా 15 నుంచి 20 శాతం తేమ మిగులుతుంది కాబట్టి చివరికి మీ చేతికొచ్చేది 180, 190 గ్రాములు. అంటే 800 గ్రాములకు పైగా నీరు ఆవిరై ఆ చిన్న పెట్టెలోంచి బయటికి పోవాలి. తలుపు బిగించేస్తే అది ఎటు పోతుంది? లోపలే తిరుగుతూ ముక్కల్ని ఉడికిస్తుంది. తీసి చూస్తే ట్రే అడుగున చెమ్మ, ముక్కల్లో ఉడికిన వాసన. మీకూ ఆ వాసన వచ్చే ఉంటుంది.

వేడి ఎక్కువైతే రెండో సమస్య. ముక్క మధ్యలోని నీరు పైకి రావడానికి టైమ్ పడుతుంది. అది వచ్చేలోపే పైపొర ఎండి గట్టిపడిపోతే లోపలి తేమకు దారి మూసుకుపోతుంది. దీన్ని కేస్ హార్డెనింగ్ అంటారు. చేత్తో పట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, విరిస్తే లోపల తడి. సీసాలో పెట్టాక ఆ తడి మెల్లగా పైకి వచ్చి, పక్క ముక్కలకు కూడా అంటుకుని, బూజుకు కావలసిన ఏర్పాటంతా చేస్తుంది. మీ సీసాలో జరిగింది ఇదేనని నా అంచనా. ఆ సీసా మొత్తం పారేయండి. బూజు కనిపించిన ముక్కలు ఏరేసి మిగతావి వాడుకుందాం అనుకోవద్దు, కంటికి కనిపించేసరికే అది చాలా దూరం పాకి ఉంటుంది.

ఓవెన్ నాబ్ మీద ఉన్న అంకెను నమ్మకండి. నేను చూసిన ఇంటి ఓవెన్లలో నాబ్ 70 చూపిస్తుంటే లోపల 90 ఉన్నవి ఉన్నాయి, 60 కూడా లేనివీ ఉన్నాయి. పైగా లోపలి కాయిల్ ఆన్, ఆఫ్ అవుతూ ఉంటుంది కాబట్టి వేడి పైకీ కిందకీ ఊగుతుంది. కేక్‌కు ఇది పెద్ద తేడా చేయదు, ఒరుగులకు చేస్తుంది. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనండి. ఈ పనికి మీరు కొత్తగా కొనాల్సిన వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

ఇక తలుపు సంగతి. ఐదు నుంచి పది సెంటీమీటర్ల సందు ఉంటే చాలు. తలుపు దానంతట అది అక్కడ ఆగకపోతే చెక్క గరిటె కాడ అడ్డం పెట్టండి. ఫ్యాన్ లేని ఓవెన్ అయితే ఆ సందు పక్కన ఒక చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టండి, గాలి ఆడితే ఆరడంలో చాలా తేడా వస్తుంది. గ్యాస్ ఓవెన్‌కు మాత్రం ఈ ఫ్యాన్ చిట్కా వద్దు, మంట ఆరిపోతే ప్రమాదం. కొన్ని ఓవెన్లు, ముఖ్యంగా కన్వెక్షన్ (ఫ్యాన్‌తో వేడిగాలి తిప్పే ఏర్పాటు) ఉన్న మైక్రోవేవ్‌లు, తలుపు తీయగానే ఆగిపోతాయి. అలాంటప్పుడు అరగంటకోసారి తలుపు పూర్తిగా తీసి రెండు మూడు నిమిషాలు ఆవిరి పోనిచ్చి మళ్లీ వేయడమే మార్గం. విసుగు పుట్టే పనే, కానీ ఫలితం బాగుంటుంది. తలుపు తెరిచి వాడితే పైనున్న నాబ్‌లు వేడెక్కే మోడళ్లు కూడా ఉన్నాయి, మీ ఓవెన్ మాన్యువల్ ఒకసారి చూసుకోండి. పిల్లలున్న ఇల్లు అన్నారు కాబట్టి ఇంకో మాట: తెరిచిన ఓవెన్ దగ్గర పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి. రాత్రి పెట్టి పడుకోవడం అసలు వద్దు. పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతుంది.

మైక్రోవేవ్ మోడ్‌లో పెట్టొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. పండ్లకు అది పనికిరాదు. ఒకచోట మాడి, పక్కనే పచ్చిగా ఉండిపోతాయి.

నాబ్ 100 దగ్గరే మొదలయ్యే ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న ఓవెన్) అయితే ఏం చేయాలి? తలుపు ఎక్కువ తెరిచి, లోపల థర్మామీటర్ 70 చుట్టుపక్కల నిలబడేలా సందును సర్దుకోవచ్చు. అది కుదరకపోతే పైన చెప్పిన ఆ రెండో దారి పట్టండి. ఆపిల్‌ను రెండు, మూడు మిల్లీమీటర్ల పల్చటి చక్రాలుగా కోసి, 95 నుంచి 100 డిగ్రీల దగ్గర రెండున్నర, మూడు గంటలు ఉంచండి. మధ్యలో ఒకసారి తిప్పండి. అయ్యాక ఓవెన్ ఆపేసి ట్రేని లోపలే చల్లారనివ్వండి. ముక్క అంత పల్చగా ఉన్నప్పుడు లోపలి నీరు పైకి రావడానికి దూరమే ఉండదు కాబట్టి కేస్ హార్డెనింగ్ భయం తక్కువ. ఇవి కరకరలాడే చిప్స్. నాలుగైదు రోజుల్లో తినేయడానికే, నెలల తరబడి దాచడానికి కాదు.

అసలు మొదలుపెట్టే ముందే తేల్చుకోవాల్సింది ఇదే: మీకు కరకరలాడేవి కావాలా, నమిలేవి కావాలా? చాలామందికి నిరాశ ఇక్కడే ఎదురవుతుంది. ఆపిల్, పియర్ పల్చగా కోస్తే కరకరలాడతాయి. అరటిపండు, మామిడి, ద్రాక్ష, పైనాపిల్ ఎన్ని గంటలు పెట్టినా నమిలేలాగే వస్తాయి, వాటిలో చక్కెర ఎక్కువ, అది సాగుతుంది. ఇంకా ఆరితే కరకర వస్తుందేమో అని పెడుతూ పోతే రాయిలా అవుతాయి తప్ప చిప్స్ కావు. మీ పిల్లలు తినే ప్యాకెట్‌లోని కరకరలాడే అరటి చిప్స్ చాలావరకు నూనెలో వేయించినవి. నోట్లో వేసుకుంటే నురగలా కరిగిపోయే స్ట్రాబెర్రీ ముక్కలైతే ఫ్రీజ్ డ్రైయింగ్ చేసినవి. పండును గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో మంచును నేరుగా ఆవిరిగా మార్చే పద్ధతి అది. ఇంటి ఓవెన్‌లో అది సాధ్యం కాదు. పిల్లలకు ముందే చెప్పండి, ఇది వేరే రకం అని. లేకపోతే మొదటి ముక్కకే మొహం తిప్పుకుంటారు.

పండ్లు ఒక్కొక్కటీ ఎలా ఉంటాయో చెప్తాను.

ఆపిల్‌తో మొదలుపెట్టండి. తప్పులు ఓర్చుకునే పండు అది. పులుపు, తీపి రెండూ ఉన్న రకం ఎంచుకోండి, ఆరాక రుచి చిక్కబడి చాలా బాగుంటుంది. ఉత్త తీపి రకాలు ఆరితే చప్పగా అనిపిస్తాయి. తొక్క తీయాలా వద్దా అంటే, నేను తీయను. అయితే తొక్క ఉన్నచోట ముక్క కాస్త ఆలస్యంగా ఆరుతుంది, నమలడానికి గట్టిగానూ ఉంటుంది. చిన్నపిల్లలకైతే తీసేయండి.

అరటిపండు పూర్తిగా పండి, తొక్క మీద చిన్న మచ్చలు మొదలైనప్పుడు బాగుంటుంది. పచ్చిగా ఉంటే వగరు, మరీ మగ్గితే కోసేటప్పుడే చితికిపోతుంది. ఐదారు మిల్లీమీటర్ల చక్రాలు చేయండి. కాగితానికి అతుక్కుంటుంది కాబట్టి రెండు గంటల తర్వాత, పైన పొరలా కట్టాక తిప్పండి. తొందరపడి ముందే తిప్పితే సగం ముక్క కాగితం మీదే ఉండిపోతుంది.

మామిడి గట్టిగా ఉన్నప్పుడే, పండీ పండకముందు కోయాలి. రసం కారే పండును ముక్కలుగా ఆరబెట్టాలని చూడకండి, గుజ్జు తీసి తాండ్ర పోయండి. ట్రేలో మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల మందం చాలు. మధ్యలో కంటే అంచుల్లో కాస్త మందంగా పోయండి, ఎందుకంటే అంచులే ముందు ఆరిపోయి పెళుసుబారతాయి. మధ్యలో వేలితో నొక్కితే గుంట పడకపోతే తయారైనట్టే.

పైనాపిల్‌కు ఓపిక కావాలి. రసం ఎక్కువ, పీచు ఎక్కువ, పన్నెండు గంటలు దాటినా ఆశ్చర్యపోవద్దు. కానీ నన్నడిగితే ఓవెన్‌లో ఆరబెట్టే పండ్లన్నిటిలో రుచికి అదే మొదటిది. మధ్యలో గట్టి భాగం తీసేయండి, అది ఎండితే కట్టెపుల్లే.

ద్రాక్షను కోయకుండా నిండు పండుగానే పెడితే రోజంతా పెట్టినా ఆరదు. దాని తొక్క మీద మైనంలాంటి పొర ఉంటుంది, అది నీటిని బయటికి పోనివ్వదు. మరుగుతున్న నీళ్లలో అర నిమిషం నుంచి నిమిషం ముంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేస్తే తొక్క సన్నగా చిట్లుతుంది. ఇంకా సులువు, నిలువుగా సగానికి కోసి కోసిన వైపు పైకి ఉండేలా పెట్టడం. స్ట్రాబెర్రీ కూడా అంతే, పల్చగా కోయండి. 90 శాతానికి పైగా నీరే కాబట్టి ట్రే నిండా పెట్టినవి ఆరాక గుప్పెడు అవుతాయి, మనసు సిద్ధం చేసుకోండి. పుచ్చకాయ మాత్రం వదిలేయండి. అవకాడో కూడా, దానిలోని కొవ్వు నిల్వలో కంపు కొడుతుంది.

మందం అన్నీ ఒకేలా ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు ఫోటోలు పంపి ఏం తప్పు జరిగిందో చెప్పమనే వాళ్లలో ఎక్కువమందికి సమస్య ఇక్కడే ఉంటుంది. ఒకే ట్రేలో మూడు మిల్లీమీటర్ల ముక్క, ఎనిమిది మిల్లీమీటర్ల ముక్క పక్కపక్కన ఉంటే మొదటిది మాడేసరికి రెండోది సగం కూడా ఆరదు. స్లైసర్ ఉంటే వాడండి, దానితో వచ్చే చేతి రక్షణ పెట్టుకునే వాడండి. కత్తితోనే అయితే మామిడి, అరటిలాంటి మెత్తటి పండ్లను ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే బిగుసుకుని శుభ్రంగా తెగుతాయి.

కోసిన ముక్కలు నల్లబడటం ఎంజైమ్‌ల వల్ల, గాలి తగలగానే మొదలవుతుంది. పాడైనట్టు కాదు, రంగు మారుతుందంతే. అది ఇష్టం లేకపోతే నిమ్మరసం, నీళ్లు సమానంగా కలిపి ముక్కల్ని పది నిమిషాలు ముంచి తీయండి. నిమ్మ రుచి కొంచెం తెలుస్తుంది. తెలియకూడదనుకుంటే రెండు కప్పుల నీళ్లలో ఒక టీస్పూన్ ఆస్కార్బిక్ యాసిడ్ పొడి, అంటే విటమిన్ సి, కలిపి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచితే చాలు. ఏది చేసినా తర్వాత శుభ్రమైన గుడ్డ మీద పరిచి పై తడి అద్దేయాలి, లేకపోతే ఓవెన్‌లో ఒక గంట దానికే పోతుంది. ప్యాకెట్లలో దొరికే ఎండు ఆప్రికాట్లు అంత మెరిసే నారింజరంగులో ఉండటానికి కారణం సల్ఫర్ డయాక్సైడ్. అది ఉబ్బసం ఉన్న కొందరికి పడదు. ఇంట్లో చేస్తే గోధుమరంగులోకి వస్తాయి, నాకు అదే నయం.

ట్రే బదులు వైర్ ర్యాక్ మీద జాలీలాంటిది పరిచి పెట్టగలిగితే గాలి కింద నుంచి కూడా తగులుతుంది. లేకపోతే బేకింగ్ పేపర్ వేయండి. బటర్ పేపర్ అని అమ్మేవాటిలో మైనం పూసినవి కూడా ఉంటాయి, ఓవెన్‌లో అది కరుగుతుంది. ప్యాకెట్ మీద ఓవెన్‌లో వాడొచ్చని రాసి ఉంటేనే వాడండి. ముక్కలు ఒకదానికొకటి తగలకూడదు. రెండు ట్రేలు పెడితే గంటన్నరకోసారి పైది కిందకి, కిందది పైకి మార్చండి.

చివరి గంట జాగ్రత్త. మొదట్లో ముక్కలోంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి ముక్క చల్లగానే ఉంటుంది. నీరు అయిపోయే కొద్దీ ముక్క కూడా ఓవెన్ అంత వేడెక్కి, చూస్తూండగానే రంగు తిరుగుతుంది. అప్పుడు ఆరిన వాటిని ముందు తీసేస్తూ, మిగతావి ఉంచండి. అన్నీ ఒకేసారి తీయాలని రూలేమీ లేదు.

అయిందో లేదో తెలుసుకోవడం ఎలా? వేడిగా ఉన్నప్పుడు ప్రతి ముక్కా మెత్తగానే అనిపిస్తుంది. రెండు ముక్కలు బయటికి తీసి పావుగంట చల్లారనివ్వండి. తర్వాత ఒకటి మధ్యకు విరిచి, విరిగిన చోట గట్టిగా నొక్కండి. తడి చుక్క కనిపించకూడదు. రెండోది మడవండి, మడతలో తనకు తాను అతుక్కోకూడదు. నమిలే రకానికి తోలులా వంగితే సరిపోతుంది. చిప్స్‌కైతే టక్కున విరగాలి.

ఇప్పుడు దాదాపు ఎవరూ చేయని పని ఒకటి ఉంది. మీ బూజు సమస్యకు అసలు మందు అదే. తీసిన రోజే మూత బిగించి దాచేయకండి. పూర్తిగా చల్లారాక గాజు సీసాలో మూడింట రెండు వంతుల వరకే వదులుగా నింపి, మూత పెట్టి, వారం నుంచి పది రోజుల పాటు రోజుకోసారి బాగా కదపండి. దీన్ని కండిషనింగ్ అంటారు. కాస్త ఎక్కువ ఆరిన ముక్కలు, కాస్త తక్కువ ఆరిన వాటి నుంచి తేమ తీసుకుని అన్నీ ఒక స్థాయికి వస్తాయి. ఈ రోజుల్లో ఎప్పుడైనా గాజు లోపలివైపు చెమ్మ కనిపిస్తే వెంటనే మళ్లీ ఓవెన్‌లో గంటో రెండు గంటలో పెట్టండి. బూజు వచ్చేలోపు తప్పు దిద్దుకునే అవకాశం ఇదొక్కటే. కరకరలాడే చిప్స్‌కు ఇది అక్కర్లేదు, చల్లారగానే గాలి చొరని డబ్బాలో వేయాలి. బయట ఉంచితే, అందులోనూ వాన పడే రోజుల్లో, గంటలోనే మెత్తబడతాయి. మెత్తబడితే కంగారేమీ లేదు, 90 డిగ్రీల దగ్గర పది నిమిషాలు పెట్టి చల్లారిస్తే మళ్లీ కరకర వస్తుంది.

నిల్వ చల్లటి, వెలుతురు పడని చోట. వేడి పెరిగే కొద్దీ ఆయుష్షు తగ్గుతుంది: 15 డిగ్రీల దగ్గర ఏడాది ఉండేవి 27 డిగ్రీల దగ్గర ఆరు నెలలే బాగుంటాయి. పెద్ద డబ్బాలో పోసి రోజూ తెరిచే బదులు వారానికి సరిపడా చిన్న చిన్న సీసాల్లో పెట్టుకోండి. తేమ విషయంలో మీకే అనుమానంగా ఉంటే ఫ్రీజర్‌లో పెట్టేయండి, టెన్షన్ ఉండదు.

పిల్లల విషయం. నాలుగేళ్ల లోపు వాళ్లకు గట్టి ముక్కలు, నిండు కిస్‌మిస్ గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, చిన్నగా తరిగి లేదా నానబెట్టి ఇవ్వండి. పెద్దపిల్లలకైనా పరిమితి అవసరం. 30 గ్రాముల ఆపిల్ ఒరుగులు తిన్నారంటే దాదాపు ఒక పండు మొత్తం తిన్నట్టే, కానీ నీరు లేదు కాబట్టి కడుపు నిండినట్టు అనిపించదు, చేయి మళ్లీ సీసాలోకి వెళ్తుంది. పీచు నిలుస్తుంది, విటమిన్ సి చాలావరకు పోతుంది, చక్కెర అంతా చిక్కబడి అక్కడే ఉంటుంది. పళ్లకు అతుక్కుంటుంది కూడా. అందుకే మధ్యమధ్యలో నమలడానికి కాకుండా భోజనంతో పాటు ఇవ్వడం మంచిది. పైన చక్కెర, తేనె పూయమని చెప్పే వంటకాలు చాలా కనిపిస్తాయి, ఆరిన పండుకు ఆ అవసరమే లేదు. దాల్చినచెక్క పొడి చల్లితే చాలు.

డీహైడ్రేటర్ ఎప్పుడు కొనాలి అంటే, వారం వారం చేస్తున్నప్పుడు. చిన్న యంత్రాలు సాధారణంగా 250 నుంచి 500 వాట్లవి, పైగా వాటిలో ఫ్యాన్ ఉంటుంది కాబట్టి గాలి బాగా ఆడుతుంది. 1500 వాట్ల ఓవెన్‌లో కాయిల్ మూడో వంతు సమయం మాత్రమే వెలుగుతుందనుకున్నా తొమ్మిది గంటలకు నాలుగున్నర యూనిట్లు అవుతుంది, తలుపు తెరిచి ఉంచితే ఇంకా ఎక్కువే. అందుకే ఓవెన్‌లో చేసేటప్పుడు ఒక్క ట్రే కోసం ఆన్ చేయకండి, రెండు ట్రేలూ నింపండి. నెలకోసారి, రెండుసార్లు చేసేవాళ్లకు ఓవెన్ చాలు.

ఈసారి ఆపిల్ ఒక్కటే పెట్టండి, అరటి తర్వాత చూద్దాం. మీ ఓవెన్‌లో ఫ్యాన్ ఉందో లేదో, నాబ్ ఎంత దగ్గర మొదలవుతుందో రాస్తే తలుపు సందు, టైమ్ కాస్త కచ్చితంగా చెప్పగలను.